మ్యూజిక్ స్కూల్ క్లాసురూముకి ఏ పియానో: డిజిటలా, అకూస్టిక్కా?

సౌండు విషయంలో మంచి అకూస్టిక్ పియానోదే, అంటే అసలు తీగలతో మోగేదానిదే, పైచేయి, అందులో నాకు రెండో మాట లేదు. అయితే చాలా స్కూళ్లలో కనిపించేది ఆ మంచి పియానో కాదు. ఎవరో ఇంట్లో అడ్డంగా ఉందని విరాళంగా ఇచ్చేసిన, ఏళ్ల తరబడి ట్యూనర్ మొహం చూడని, మధ్యలో రెండు కీస్ నొక్కితే మళ్లీ పైకి రాని ఓ పాత అప్‌రైట్ (తీగలు నిలువుగా ఉండే పియానో). దాని ముందు ఆరేళ్ల పిల్లని కూర్చోబెట్టి సరిగమలు నేర్పడం కంటే ఓ మోస్తరు డిజిటల్ పియానో మీద నేర్పడం ఎంతో నయం, ఎందుకంటే ఆ వయసులో చెవికి ఏ శ్రుతి అలవాటైతే అదే సరైందని స్థిరపడిపోతుంది. అందుకే కొనే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: వచ్చే పదేళ్లూ దీన్ని ఎవరు చూసుకుంటారు? ఆ మనిషి పేరు మీ దగ్గర లేకపోతే అకూస్టిక్ జోలికి వెళ్లకండి.

అసలు ఈ చూసుకోవడం ఎందుకొస్తుందో తెలియాలంటే లోపల ఏముందో కాస్త తెలియాలి. అకూస్టిక్ పియానోలో 88 కీస్‌కి సుమారు 230 తీగలుంటాయి, బాస్‌లో, అంటే కింది స్వరాల్లో, ఒక్కో స్వరానికి ఒకటో రెండో, మధ్య నుంచి పైకి మూడేసి. అన్నీ కలిపి లాగే బలం 15 నుంచి 20 టన్నుల దాకా ఉంటుంది, అందుకే లోపల పోత ఇనుము ఫ్రేమ్ పెడతారు. ఆ తీగల కదలికని గదంతా వినపడేలా చేసేది మాత్రం పల్చటి చెక్క, సౌండ్‌బోర్డ్. గాల్లో తేమ పెరిగితే ఆ చెక్క ఉబ్బి తీగల్ని పైకి నెడుతుంది, శ్రుతి పెరుగుతుంది. పొడి వాతావరణం రాగానే దిగిపోతుంది. మీరు వాయించినా వాయించకపోయినా ఇది జరుగుతూనే ఉంటుంది, అది కూడా అన్ని స్వరాల్లో ఒకేలా జరగదు.

డిజిటల్‌లో తీగలూ లేవు, చెక్క గొడవా లేదు. కీ కింద రెండో మూడో సెన్సర్లుంటాయి. వాటిని ఒకదాని తర్వాత ఒకటి దాటడానికి ఎంత టైమ్ పట్టిందో చూసి, మీరు ఎంత జోరుగా నొక్కారో లెక్కగట్టి, ముందే రికార్డు చేసి పెట్టిన శబ్దాన్ని ఆ స్థాయిలో వినిపిస్తుంది. శ్రుతి తప్పే ప్రశ్నే లేదు. బదులుగా ఎలక్ట్రానిక్ వస్తువులకు వచ్చే జబ్బులన్నీ వస్తాయి.

గదుల లెక్క వేసుకోండి

కాగితం తీసుకుని మీ స్కూల్లో ఏ గదిలో ఏం జరుగుతుందో రాయండి. గ్రూపు క్లాసులు ఏ గదిలో, ఒక్కొక్కరికి చెప్పే పాఠాలు ఎక్కడ, ప్రాక్టీసు గదులు ఎన్ని, పాటలకు సహకారం వాయించే గది ఏది, కచేరీ హాలు ఉందా. ఒక్కో పనికి ఒక్కో జవాబు వస్తుంది, స్కూలు మొత్తానికి ఒకే జవాబు రాదు.

గ్రూపు క్లాసు అయితే డిజిటలే, ఆలోచించక్కర్లేదు. ఎనిమిది మంది పిల్లలు ఒకే గదిలో ఎనిమిది అకూస్టిక్ పియానోల మీద తలో పాఠం వాయిస్తే ఎవరికి ఏం వినిపిస్తుంది? ఒక్కొక్కరికి పాఠం చెప్పే గదుల్లో కనీసం ఒకదాంట్లోనైనా మంచి అకూస్టిక్ ఉండాలి. ప్రాక్టీసు గదుల్లో గోడలు పల్చగా ఉంటే డిజిటల్, మందంగా ఉంటే రెండూ కలిపి. హాల్లో ఒక్క గ్రాండ్ (తీగలు నేలకి సమాంతరంగా పరిచి ఉండే పియానో). అది కొనే స్తోమత లేకపోతే ఎత్తైన అప్‌రైట్. గ్రాండ్ అన్న పేరు కోసం మరీ పొట్టి గ్రాండ్ కొనడం నాకు నచ్చదు, ఎందుకంటే బాస్ తీగల పొడవే అక్కడ ముఖ్యం. 120 సెంటీమీటర్లకు పైన ఎత్తున్న మంచి అప్‌రైట్‌లో అవి చాలాసార్లు ఆ బుల్లి గ్రాండ్‌లో కంటే పొడవుగా ఉంటాయి.

పైస్థాయి విద్యార్థులు ఉంటే మాత్రం ఒక్క గ్రాండ్ అయినా తప్పదు. అప్‌రైట్‌లో అదే స్వరాన్ని మళ్లీ కొట్టాలంటే కీ దాదాపు పూర్తిగా పైకి రావాలి. గ్రాండ్‌లో సగం లేచినా చాలు, మళ్లీ మోగుతుంది. 1821లో ఎరార్ అనే ఫ్రెంచి తయారీదారు పేటెంట్ తీసుకున్న యంత్రాంగం పుణ్యమిది, ఇప్పటి గ్రాండ్‌లన్నీ దాని వారసులే. వేగంగా ఒకే స్వరం పదే పదే వచ్చే పాఠాలు అప్‌రైట్ మీద తడబడుతుంటే ప్రతిసారీ తప్పు విద్యార్థిదే అనుకోకండి.

డిజిటల్ కొనేటప్పుడు షాపులో ఏం చేయాలి

స్పెసిఫికేషన్ల కాగితం చదవడం కంటే కూర్చుని నాలుగు పరీక్షలు చేయడం మేలు. 88 కీస్, లోపల హ్యామర్ బరువున్న యాక్షన్ (అసలు పియానోలో తీగని కొట్టే సుత్తి బరువు వేలికి తెలిసేలా చేసే యంత్రాంగం), ఇవి రెండూ లేని వాటిని చూడనే వద్దు. 61 కీస్ కీబోర్డు వేరే వాయిద్యం, దాని మీద పియానో వేళ్లు తయారు కావు.

మొదటి పరీక్ష: ఒక కీని చాలా నెమ్మదిగా, ఊపిరి బిగబట్టి కిందికి నొక్కండి. నిజమైన పియానోలో హ్యామర్ తీగని తాకడానికి రెండు మూడు మిల్లీమీటర్ల ముందు యంత్రాంగం దాన్ని వదిలేస్తుంది, తర్వాత అది తన వేగంతోనే వెళ్లి తీగని కొట్టాలి. మీరు మరీ నెమ్మదిగా నొక్కితే ఆ వేగం చాలక శబ్దమే రాదు. డిజిటల్‌లోనూ రాకూడదు. వచ్చిందంటే దాని మీద నేర్చుకున్న పిల్లకి మెల్లగా వాయించడం అంటే ఏమిటో తెలియదు.

తర్వాత కీని సగం మాత్రమే పైకి రానిచ్చి మళ్లీ కొట్టి చూడండి. మూడు సెన్సర్లున్నవి ఇక్కడ బాగా నెగ్గుతాయి. ఆ తర్వాత కుడి పెడల్‌ని సగం దాకా నొక్కి పట్టండి. చవక పెడల్ స్విచ్‌లా ఉంటుంది, ఉంటే ఉంది, లేకపోతే లేదు. మంచిది సగం నొక్కితే సగం మోతనే నిలుపుతుంది. పెట్టెలో ఉచితంగా వచ్చే చిన్న చదరపు పెడల్ అయితే మొదటి నెలలోనే నేల మీద జారిపోతూ, పిల్ల కాలు దాన్ని వెతుక్కుంటూ ఉంటుంది. స్టాండుకే బిగించి ఉండే పెడల్ ఉన్న మోడల్ తీసుకోండి. స్టాండు కూడా చూడండి, ఎక్స్ ఆకారంలో మడతపడేవి స్టేజీకి పనికొస్తాయి గానీ రెండు చేతులతో గట్టిగా వాయించే క్లాసుకి కాదు, ఊగుతాయి.

నాలుగోది నాకు బాగా ఇష్టమైనది. మధ్య సి కీని (కీబోర్డు నడుమ ఉండే సి స్వరం) శబ్దం రాకుండా నొక్కి అలాగే పట్టుకోండి. దాని కింది సప్తకంలోని సి ని ఒక్కసారి గట్టిగా, టక్కున కొట్టి వదిలేయండి. అకూస్టిక్ పియానోలో కింది స్వరం ఆగిపోయాక పై సి తనంతట తానే సన్నగా మోగుతూ వినిపిస్తుంది. దాని డ్యాంపర్ (తీగ మోతని ఆపే ఫెల్ట్ ముక్క) లేచి ఉంది, కింది సి లో దాగి ఉన్న రెండో అనుస్వరం (హార్మోనిక్, అసలు స్వరంతో పాటే సన్నగా మోగే పై స్వరం) దీన్ని కదిలించింది. ఇప్పుడు మధ్య సి బదులు దాని పైనున్న జి ని పట్టుకుని అదే చేయండి, అదీ మోగుతుంది, మూడో అనుస్వరం కాబట్టి. ఎఫ్ షార్ప్ పట్టుకుంటే దాదాపు ఏమీ రాదు. కొన్ని డిజిటల్ పియానోలు దీన్ని లెక్కగట్టి చూపిస్తాయి, చాలా వాటిలో పూర్తి నిశ్శబ్దం. బిగినర్ల క్లాసుకి ఇది లేకపోయినా నష్టం లేదు. కానీ ఏది ఉన్నది, ఏది లేనిది తెలిసి కొనండి.

పాలిఫొనీ, అంటే ఒకేసారి మోగగల స్వరాల సంఖ్య, 128 ఉంటే క్లాసుకి సరిపోతుంది. మిగతావి, ఐదొందల రకాల శబ్దాలు, డ్రమ్ బీట్లు, లైట్లు, ఇవి క్లాసురూములో లాభం కంటే అల్లరే ఎక్కువ తెస్తాయి. ప్యానెల్ లాక్ చేసే సదుపాయం ఉందా అని మాత్రం అడగండి, నాకు తెలిసి ఏ టీచరూ దాని గురించి విచారపడలేదు. హెడ్‌ఫోన్ సాకెట్లు రెండుండాలి. ఇది చాలా ముఖ్యం, ఎందుకో ఇప్పుడు చెప్తాను.

క్లాసులో నడిపే పద్ధతి

పెద్ద స్కూళ్లలో టీచర్ దగ్గర కంట్రోల్ ప్యానెల్ పెట్టి, ఏ విద్యార్థిని కావాలంటే వాళ్లని హెడ్‌ఫోన్‌లో వినే ల్యాబ్ సిస్టమ్‌లు ఉంటాయి. ఉంటే మంచిదే. లేకపోతే దిగులు లేదు. టీచర్ తన సొంత హెడ్‌ఫోన్ మెడలో వేసుకుని, ఒక్కో పియానో దగ్గరికి వెళ్లి రెండో సాకెట్లో గుచ్చి, రెండు నిమిషాలు విని, అక్కడికక్కడే ఒక్క మాట చెప్పి పక్కకి జరిగితే చాలు. పక్కన కూర్చుని వినడం వల్ల చేతులు, భుజాలు కూడా కనిపిస్తాయి, ప్యానెల్ వెనక నుంచి అవి కనపడవు. నిజానికి నాకు ఇదే మెరుగనిపిస్తుంది.

హెడ్‌ఫోన్లు వైరువే కొనండి. బ్లూటూత్‌లో కీ నొక్కడానికీ శబ్దం వినపడడానికీ మధ్య ఆలస్యం వస్తుంది, తాళం నేర్చుకునే పిల్లకి అది పెద్ద అన్యాయం. వాల్యూమ్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకి వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్, పిల్లలకి 75 అని హద్దు చెప్పింది. క్లాసులో డెసిబెల్స్ ఎవరూ కొలవరు కాబట్టి తేలిక దారి ఒకటి: హెడ్‌ఫోన్ పెట్టుకున్నప్పుడు మామూలు గొంతుతో పిలిస్తే పిల్లకి వినపడాలి. వినపడకపోతే తగ్గించండి.

వాల్యూమ్ గురించి ఇంకో మాట, ఇది చాలామంది పట్టించుకోరు గానీ డిజిటల్ క్లాసుల్లో చేతులు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. వాల్యూమ్ తక్కువ పెడితే విద్యార్థి శబ్దం కోసం గట్టిగా బాదుతుంది. ఎక్కువ పెడితే భయపడి పైపైన తడుముతుంది. రెండు వారాలు ఇలా, రెండు వారాలు అలా అయితే వేలికి ఏ బలానికి ఏ శబ్దమో లెక్కే కుదరదు. అకూస్టిక్‌లో వాల్యూమ్ బటన్ లేదు కాబట్టే అక్కడ చెయ్యి స్థిరపడుతుంది. అందుకని టీచర్ ఒకసారి అకూస్టిక్‌తో పోల్చి సరైన చోటు చూసుకుని, ఆ బటన్ పక్కన చిన్న స్టిక్కర్ అంటించేయాలి. హెడ్‌ఫోన్‌కి ఒక గుర్తు, స్పీకర్‌కి ఒక గుర్తు. ఆ గుర్తు దాటకూడదని రూలు.

అలాగే టచ్ సెట్టింగ్ (నొక్కిన బలానికి శబ్దం ఎంత పెరగాలో చెప్పేది) మీడియంలో, ట్రాన్స్‌పోజ్ సున్నాలో ఉన్నాయో లేదో క్లాసు మొదలయ్యే ముందు చూసుకోవాలి. ముందు క్లాసులో ఎవరో ట్రాన్స్‌పోజ్ రెండు మెట్లు పైకి జరిపి వెళ్లిపోతే, తర్వాతి పిల్ల సరిగ్గా సి మేజర్ వాయిస్తుంది, వినపడేది డి మేజర్. హెడ్‌ఫోన్‌లో ఆమెకి తేడా తెలియదు, అందరూ కలిసి వాయించేటప్పుడు మాత్రం గదిలో గందరగోళం. చాలా మోడల్స్‌లో ఒకట్రెండు బటన్లు పట్టుకుని ఆన్ చేస్తే పాత సెట్టింగులన్నీ పోయి కొత్తదానిలా అవుతుంది. ఏ బటన్లో మాన్యువల్‌లో చూసి ఒక చీటీ మీద రాసి పియానో పక్కన అంటించండి.

క్లాసు చివరి పది నిమిషాలు హెడ్‌ఫోన్లు తీసేయించండి. ఒకరు వాయిస్తే మిగతావాళ్లు వినాలి, లేదా అందరూ కలిసి ఒక చిన్న పాఠం. గంటసేపు ఎవరి గోల వాళ్లదిగా కూర్చుంటే అది సంగీతం క్లాసు అనిపించుకోదు.

అకూస్టిక్ ఉంటే

పియానోని బయటి గోడకి, కిటికీ కింద, ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టొద్దు. గదిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య స్థిరంగా ఉంటే మంచిది. స్థిరంగా అన్న మాటే ముఖ్యం, ఒక్కరోజులో ఎక్కువా తక్కువా అయితేనే చెక్కకి దెబ్బ. పగలంతా ఏసీ వేసి రాత్రి కట్టేసే గదిలో ఏ ట్యూనరూ ఏమీ చేయలేడు. తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఒకటి కొని పియానో దగ్గర పెట్టండి.

ట్యూనింగ్ ఇంట్లో పియానోకి ఏడాదికి రెండుసార్లు సరిపోవచ్చు. రోజంతా వాయించే క్లాసురూము పియానోకి మూడు నాలుగు సార్లు పడుతుంది. హాల్లో దానికి ఇంకా ఎక్కువే. కొత్త గదికి మార్చిన వెంటనే చేయించకండి, రెండు మూడు వారాలు ఆ వాతావరణానికి అలవాటు పడనివ్వండి. చాలాకాలం వదిలేసిన పియానో అయితే ఒక్కసారిలో 440 హెర్ట్జ్‌కి (మధ్య సి పైనున్న ఎ స్వరానికి ప్రామాణిక శ్రుతి) తెచ్చి నిలబెట్టడం కుదరదు, ముందు మోటుగా ఒకసారి పైకి లాగి, తర్వాత సరిగ్గా చేస్తారు. ట్యూనర్ రెండు విడతల పని అంటే మోసం అనుకోకండి. ట్యూనింగ్ వేరు, యాక్షన్ సరిచేయడం వేరు, హ్యామర్ ఫెల్ట్ గట్టిపడి శబ్దం పెళుసుగా మారినప్పుడు సూదులతో మెత్తబరచడం వేరు. ఏడాదిలో ఒక్కసారైనా ఆ మిగతా రెండూ చూపించండి.

ఎవరైనా పియానో విరాళం ఇస్తామంటే థాంక్స్ చెప్పి, ట్యూనర్‌ని తీసుకెళ్లి చూపించాకే ఒప్పుకోండి. ట్యూనింగ్ పిన్నులు వదులైపోయి, బిగించినా నిలవని పరిస్థితి అయితే, లేదా ఇనుప ఫ్రేమ్‌లో పగులుంటే, అది ఉచితంగా వచ్చినా నష్టమే. దాన్ని మోయించే ఖర్చూ మీదే, పారేసే ఖర్చూ మీదే.

మోయడం అంటే గుర్తొచ్చింది. అప్‌రైట్ బరువు 200 కిలోలు దాటడం మామూలే, పెద్దవి 250 పైన. బరువంతా పైన, వెనక ఉంటుంది కాబట్టి నెట్టేటప్పుడు వెనక్కి ఒరిగిపోయే ప్రమాదం నిజంగా ఉంది. పిల్లల చేత ఎప్పుడూ, ఎంత దగ్గరికైనా సరే, నెట్టించొద్దు. తరచూ జరపాల్సి వస్తే వెడల్పాటి చక్రాల ఫ్రేమ్ బిగించండి.

చిన్న గదిలో అకూస్టిక్ మోత ఎక్కువైతే నేల మీద మందపాటి తివాచీ, గోడకి కర్టెన్లు లేదా పుస్తకాల బీరువా పెట్టి చూడండి. చాలా అప్‌రైట్‌లలో మధ్య పెడల్ నొక్కితే హ్యామర్లకీ తీగలకీ మధ్య ఫెల్ట్ వచ్చి శబ్దం తగ్గుతుంది. ప్రాక్టీసుకి ఫరవాలేదు, పాఠంలో వద్దు, శబ్దంలో ఉన్న తేడాలన్నీ అది మింగేస్తుంది.

ఒకే గదిలో డిజిటల్, అకూస్టిక్ రెండూ ఉండి కలిసి వాయించాల్సి వస్తే, జరగాల్సింది డిజిటలే. అకూస్టిక్ 438 దగ్గర ఉంటే డిజిటల్ సెట్టింగ్స్‌లో మాస్టర్ ట్యూనింగ్ 438కి మార్చండి. క్లాసు అయ్యాక మళ్లీ 440కి తేవడం మర్చిపోవద్దు.

రెండిటి మధ్య విద్యార్థిని తిప్పడం

చాలామంది పిల్లల ఇళ్లలో డిజిటలే ఉంటుంది, అందులో తప్పేమీ లేదు. కష్టం ఎప్పుడొస్తుందంటే, మూడేళ్లు డిజిటల్ మీదే వాయించి, మొదటిసారి అకూస్టిక్‌ని కచేరీ రోజునే ముట్టుకున్నప్పుడు. కీ బరువు వేరు, శబ్దం ఎదురుగా మొహం మీదికి వస్తుంది, పెడల్ కాస్త ఆలస్యమైనా స్వరాలన్నీ కలిసి బురద. ఆ టెన్షన్‌లో వచ్చిన పాఠం కూడా పోతుంది. దీనికి మందు, వారానికి పది నిమిషాలైనా ప్రతి విద్యార్థీ స్కూల్లోని అకూస్టిక్ ముందు కూర్చోవడం. టైమ్‌టేబుల్‌లో పేర్లు రాసి పెట్టకపోతే ఇది జరగదు, చొరవున్న పిల్లలే ప్రతివారం కూర్చుంటారు.

ఆ పది నిమిషాల్లో కొత్త పాఠం వద్దు. ఒక స్వరాన్ని మోగీమోగనట్టు ఎంత మెల్లగా వాయించగలరో చూడమనండి, ఒకసారి తప్పిపోయి శబ్దం రాకపోయినా మంచిదే, హద్దు ఎక్కడుందో వేలికి తెలుస్తుంది. తర్వాత రెండు కార్డ్స్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) మధ్య పెడల్ మార్చడం, మొదటి కార్డ్ మోత పూర్తిగా పోయిందో లేదో వాళ్ల చెవితోనే చెప్పించండి. సి పట్టుకుని కింది సి కొట్టే ఆ పరీక్ష చేసి చూపిస్తే చిన్నపిల్లలు పియానో లోపలికి తొంగి చూడకుండా ఉండలేరు. మూత తీసి చూపించండి, అది కూడా పాఠమే.

పరీక్షలు రాయించే స్కూలైతే ఆ బోర్డు సిలబస్‌లో వాయిద్యం గురించిన నిబంధనలు ముందే చదవండి, పరీక్ష గదిలో ఏ పియానో ఉంటుందో అడిగి తెలుసుకోండి. ట్రినిటీ (ట్రినిటీ కాలేజ్ లండన్) లాంటి సంగీత పరీక్షల బోర్డుల్లో ఎలక్ట్రానిక్ కీబోర్డు పరీక్ష, పియానో పరీక్ష రెండూ వేర్వేరు, ఒకదానికి తయారై ఇంకోదానికి వెళ్లడం కుదరదు.

మధ్యేమార్గంగా హైబ్రిడ్ గురించి అడుగుతారు. అసలు తీగలుండి, కావాలన్నప్పుడు హ్యామర్ తీగని తాకకుండా ఆపి హెడ్‌ఫోన్‌లో వినిపించేవి ఒక రకం, యమహా సైలెంట్ పియానో 1993 నుంచి ఉంది. గ్రాండ్ యాక్షన్ మాత్రం పెట్టి తీగలు తీసేసినవి ఇంకో రకం. పక్కగదికి శబ్దం వెళ్లకూడని చోట, పైస్థాయి వాళ్ల ప్రాక్టీసుకి, ఇవి చక్కటివి. మొదటి రకానికి ట్యూనింగూ తప్పదు, ఎలక్ట్రానిక్స్ రిపేరూ తప్పదు, రెండు ఖర్చులకీ సిద్ధపడి కొనాలి.

మామూలు డిజిటల్ పాతబడుతోందని తెలిసే మొదటి లక్షణం: ఒకే ఒక్క కీ, ఎంత మెల్లగా నొక్కినా, ఉన్నట్టుండి గట్టిగా అరుస్తుంది, లేదా అసలు పలకదు. కింద ఉన్న రబ్బరు కాంటాక్ట్ అరిగింది లేదా దుమ్ము చేరింది, మార్చొచ్చు. కానీ మోడల్ ఆగిపోయి విడిభాగాలు దొరకని రోజు వస్తుంది, అకూస్టిక్‌లా మూడు తరాలు నడవదు. ఎనిమిది పియానోల గ్రూపు గదికి తొమ్మిదోది స్పేర్‌గా ఉంచుకోండి, ఎనిమిదీ ఒకే మోడల్ కొనండి, అప్పుడు చెడిపోయిన ఒకదాని భాగాలు మిగతావాటికి పనికొస్తాయి. ప్రతిదాని వెనక కొన్న తేదీ రాయండి. రిపేరు పుస్తకం ఒకటి పెట్టి, ఏ కీ, ఏ రోజు, ఏమైంది అని టీచర్లే రాసేలా చేయండి, ట్యూనర్ వచ్చినప్పుడు అకూస్టిక్‌ల పేజీలు కూడా అందులోంచే చూపించొచ్చు.